రోళ్ళపాడు: రోహిణిలో, హస్తలో

విశాఖపట్నం వాళ్ళకు పచ్చదనం మీద మోజు ఎక్కువ. దానికి కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన మర్నాడు చూస్తే కైలాసగిరి, కంబాలకొండ, సింహాచలం కొండలు నిప్పంటుకుని ఆరినట్టు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. కూలిన చెట్లు కూలిపోగా, నిలబడ్డవాటికి ఆకన్నది మిగల్లేదు. ఆ రంగు చూసినవాళ్ళం తర్వాత ఏ మొక్క త్వరగా ఏపుగా పెరిగితే అది నాటేశాం. కోనోకార్పస్ లాంటివి అలా వచ్చి రోడ్ల మధ్య తిష్ఠ వేశాయి. అంతకు చాలా ముందునుంచే ఉక్కు కర్మాగారం వాళ్ళు కొలుముల చుట్టూ లక్షల చెట్లు పెంచారు. గాజువాక దాటి కూర్మన్నపాలెం మీదుగా లోపలికి వెళ్తుంటే ఇనుము కరిగించే చోటికి వెళ్తున్నామని అనిపించదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటే నేల బాగున్నట్టు, ఎండితే జబ్బు చేసినట్టు. ఇదీ మా ఊరి లెక్క.

ఈ లెక్క రాయలసీమ గడ్డినేలల్లో పనికిరాదు. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు చుట్టుపక్కల బీళ్ళు చూడ్డానికి ఒక వేసవిలో వెళ్ళి, వానలు ముదిరాక మళ్ళీ వెళ్ళాను. రెండుసార్లూ చూసింది ఒకే నేల. అయినా అక్కడ పచ్చగా ఉన్నది వేరు, మేత అయినది వేరు అని అర్థం కావడానికి రెండు కార్తెలూ చూడాల్సి వచ్చింది.

బళ్ళో సవన్నా పాఠం చదివినప్పుడు పుస్తకంలో సింహం బొమ్మ ఉండేది, గొడుగులాంటి తుమ్మచెట్టు ఉండేది, అదంతా ఆఫ్రికా అని ఉండేది. నేలంతా గడ్డి, అక్కడక్కడా తుమ్మా రేగూ, మూడు నాలుగు నెలలు వాన, మిగతా కాలమంతా ఎండ: సవన్నా అంటే ఇంతే అయితే అది గుత్తిలోనూ ఉంది, డోన్‌లోనూ ఉంది. సింహం లేదు గానీ దాని పనిలో కొంత తోడేలు చేస్తుంది. అడవిని నరికేస్తే మిగిలిన బోడినేల ఇది, చెట్లు నాటితే మళ్ళీ అడవైపోతుంది అన్న ఆలోచన మన కార్యాలయాల్లో చాలాకాలం నడిచింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దక్కను పీఠభూమిలోని ఈ గడ్డినేలలు చాలా పాతవనీ, చెడిపోయిన అడవులు కావనీ పర్యావరణ శాస్త్రజ్ఞులు కొంతకాలంగా గట్టిగానే చెబుతున్నారు. దేశంలోని గడ్డినేలలన్నిటినీ 1973లో దబద్‌ఘావ్, శంకరనారాయణ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఐదు రకాలుగా విడదీశారు. మన ద్వీపకల్పమంతా వాటిలో సెహిమా–డైకాంథియం అనే రకంలోకి వస్తుంది. మోటుగా చెప్పాలంటే మొదటి పేరు ఎర్ర గరుసునేల గడ్డిది, రెండోది నల్లరేగడి గడ్డిది. ఈ రెండు నేలల తేడా తెలిస్తే రోళ్ళపాడు సగం తెలిసినట్టే.

మొదటిసారి రోహిణి కార్తెలో వెళ్ళాను. విశాఖలో ఎక్కిన బండి గోదావరి దాటి, కృష్ణ దాటి, గుంటూరు మీదుగా నరసరావుపేట, వినుకొండ వైపు తిరిగింది. తుని దాకా జీడిమామిడీ తాడీ, ఆ తర్వాత కాలవలూ కోసేసిన వరిమళ్ళూ. వినుకొండ వచ్చేసరికి బాగా చీకటి పడింది. గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె అని నల్లమల లోపలి స్టేషన్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కిటికీలోంచి అడవి కనిపించలేదు, ఎండుటాకు వాసన మాత్రం వచ్చింది. ఒకప్పుడు ఈ అడవి మైదానాల పశువులకు వానాకాలపు విడిది. కింద చేలల్లో పైరు ఉన్నన్నాళ్ళూ మందల్ని కొండెక్కించి, కోతలయ్యాక దించేవాళ్ళు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల ప్రాజెక్టులోకి వెళ్ళాక ఆ దారి ఇరుకైంది. మందలు ఆ కాలమంతా కిందే ఎక్కడో ఒకచోట గడపాలి. రోళ్ళపాడు లాంటి బీళ్ళ మీద భారం పెరిగిందంటే అందులో ఇదొక పాయ.

నంద్యాలలో దిగేసరికి తెల్లవారుతోంది, అప్పటికే గాలి వేడెక్కింది. నందికొట్కూరు చేరి అక్కడ ఆటో మాట్లాడుకున్నాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ నల్లరేగడి మాత్రం చేయి దూరేంత నెర్రెలిచ్చి ఉంది. ఎర్రనేల మీద గడ్డి ఉన్న చోటల్లా బూడిదరంగు దుబ్బులు, నేలకు రెండు వేళ్ళ ఎత్తున కొరికి వదిలేసినవి. వాటి మధ్య చెదలు కట్టిన మట్టి గొట్టాలు. పశువులు వదిలేసిన ఎండుగడ్డిని ఇక్కడ చెదలు మేస్తాయి, చెదలు కూడా ఈ నేల మీద మేసే ఒక మంద లాంటివే.

ఇంత ఎండలోనూ పచ్చగా ఉన్నవి రెండు. ఒకటి వేప. ఉగాదికే కొత్త ఆకు తొడిగి, మే నెలకు నిండుగా తయారవుతుంది. ఎండునేలల చెట్లలో చాలావాటికి ఈ అలవాటు ఉంది. వేళ్ళు లోతుకు దిగి ఉంటాయి కాబట్టి కిందటేటి నీరు ఇంకా అందుతుంటుంది. వాన వచ్చేసరికే ఆకు సిద్ధంగా ఉంటే ఆ నాలుగు నెలలూ వృథా కావు. గడ్డికి ఆ వెసులుబాటు లేదు. దాని వేరు పైపైనే ఉంటుంది, నేల తడిస్తేనే దాని బతుకు మొదలవుతుంది. కాబట్టి ఒకే బీడులో రెండు పంచాంగాలు నడుస్తుంటాయి: చెట్టుది ముందు, గడ్డిది తర్వాత.

పచ్చగా ఉన్న రెండోది సర్కారు తుమ్మ. దాని సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది దేశంలో అడుగుపెట్టిందే ఇక్కడికి దగ్గర్లో. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ 1876లో దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాల్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కొరత తీరాలన్నది ఉద్దేశం, అది తీరింది కూడా. కానీ చెట్టు ఆ పనితో ఆగలేదు. తియ్యటి కాయల్ని గొర్రెలూ మేకలూ తిని, గింజల్ని పెంటికల్లో మోసుకెళ్ళి, మేసిన ప్రతి బీడులోనూ విత్తాయి. మంద నడిచిన దారులు కొన్నేళ్ళకు తుమ్మ వరసలుగా కనిపించడం మామూలే.

ఒక తుమ్మపొద నీడలో గొర్రెల్ని ఆపుకుని కూర్చున్న పెద్దాయన్ని ఆ చెట్టు గురించే అడిగాను. నేను "ఏవండీ" అనగానే ఆయనకు నేను ఎటువైపు వాణ్ణో తెలిసిపోయింది.

"కోస్తా నుంచి వచ్చినారా? ఈ ఎండకు?" అని నవ్వి, కింద రాలిన పసుప్పచ్చ కాయ ఒకటి తీసి చూపించాడు. "ఈ కాయ రాలకపోతే రోహిణిలో జీవాలు నిలబడవు సార్. అట్లని మంచి చెట్టనుకునేరు. దీని కింద కసువు మొలవదు. ముల్లు దిగితే గొర్రె కుంటుతాది, మనమూ కుంటుతాం."

తర్వాత ఈ చెట్టు మీద చదివినవేవీ ఈ మాటను దాటి పోలేదు. ఎండాకాలం చివర్లో, మరేదీ లేని నెలలో కాయ రాలుస్తుంది కాబట్టి కాపరికి అది కావాలి. ఏడాది పొడుగునా నీరు లాగేసి గడ్డిని రానివ్వదు కాబట్టి అదే కాపరికి అది వద్దు. కొట్టేయాలని ఒకరు, ఉంచాలని ఒకరు వాదించుకుంటుంటారు. ఆ రెండు మాటలూ ఒకే మనిషి నోట, ఒకే ఊపిరిలో వినడం నాకు అదే మొదలు.

ఉపగ్రహం కంటికీ ఇక్కడ చిక్కే. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని మింగేసి, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాతో ఎక్కడ ఎంత ఆకు ఉందో లెక్క కడతారు. టెర్రా అనే ఉపగ్రహం 2000 నుంచి భూమి మొత్తానికీ పదహారు రోజులకొక పచ్చదనపు చిత్రం ఇస్తూ వచ్చింది. ఇలాంటి బీళ్ళ చిత్రాలు వరసగా పేరిస్తే ఒక గీత వస్తుంది: జూన్ దాకా నేలబారుగా, జూలైలో లేచి, సెప్టెంబరు అక్టోబరుల్లో శిఖరం తాకి, ఫిబ్రవరి నాటికి మళ్ళీ కిందికి. కరువు ఏటికీ మంచి ఏటికీ తేడా ఈ గీతలో తేలిగ్గా తెలుస్తుంది. కానీ ఆ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద రెండువందల యాభై మీటర్ల చదరం. అందులో గడ్డీ, తుమ్మా, బోరు కింద వేసిన పైరూ అన్నీ కలిసిపోతాయి. బీడులోకి సర్కారు తుమ్మ కమ్ముకొస్తే వేసవి పచ్చదనం పెరిగినట్టు లెక్క చూపిస్తుంది. మేత తగ్గిన చోటుకి మార్కులు ఎక్కువ పడతాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశంలోని పనికిరాని భూములకు అట్లాసులు అచ్చువేసింది. పొదలున్న నేలలూ, క్షీణించిన మేతనేలలూ వాటిలో చేరాయి. ఎవరికి పనికిరానివి అని పెద్దాయన గొర్రెలు అడగలేవు.

గడ్డి ఆ వేసవిలో ఏం చేస్తోందన్న కుతూహలంతో ఒక దుబ్బును వేలితో కెలికి చూశాను. పైన చచ్చినట్టే ఉంది. మట్టిలోకి వెళ్ళేకొద్దీ మొదలు తెల్లగా, గట్టిగా ఉంది. చెట్టుకు చిగురు కొమ్మ చివర ఉంటుంది, మేక దాన్ని కొరికితే ఆ ఏటికి నష్టం. గడ్డికి చిగురు నేలను ఆనుకుని ఉంటుంది. పైనంతా మేసేసినా, అంటుకున్నా, ఎండిపోయినా మొదలు నిలిస్తే చాలు. అది బహువార్షికాల సంగతి. ఒక్క ఏడే బతికే రకాలు విత్తనంగా మట్టిలో ఉండిపోతాయి. బీడును ఏళ్ళ తరబడి వానాకాలంలోనూ ఊపిరి తీసుకోనివ్వకుండా మేపితే మొదట పోయేవి ఈ దుబ్బులు. వాటి స్థానంలో ఏకవార్షికాలు, ఆ తర్వాత గొర్రె మూతి పెట్టని వెంపలి లాంటి మొక్కలు వస్తాయి. అప్పుడూ నేల పచ్చగానే ఉంటుంది.

రెండోసారి హస్త కార్తెలో బయల్దేరాను. ఈసారి విమానం. కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లులో 2021 మార్చిలో మొదలై, విశాఖకు చిన్న విమానం వేశారు. రైలు రాత్రిపూట దాటించేసిన దేశాన్నంతా అది పగలు చూపించింది. నల్లమల నిండు పచ్చ. అది దాటగానే నేల ముక్కలు ముక్కలుగా విడిపోయింది. కె.సి. కాలువ కింద వరి ముదురాకుపచ్చ. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన కాలువ, పై నుంచి చూస్తే ఇప్పటికీ ఆ ప్రాంతానికి వెన్నెముక అదే. నల్లరేగడి చేలు లేతాకుపచ్చ. ఎర్ర గరుసు మిట్టలు అప్పుడే పండుటాకు రంగుకు తిరుగుతున్నాయి. వాటి మధ్య ఒక పెద్ద నీలిరంగు పలక, నీళ్ళేమో అనిపించేలా. అది గని–శకునాల సౌర విద్యుత్ పార్కు. వెయ్యి మెగావాట్లది, 2017లో పూర్తయింది, దాదాపు ఆరు వేల ఎకరాలు. ఇన్ని ఎకరాలు ఒక్కచోట దొరకాలంటే అది బీడే అయి ఉండాలి. విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళకు ఊళ్ళే లేచిపోవడం చూసినవాళ్ళకు, ఎవరూ లేని భూమి అన్న మాట వింటే సగమే నమ్మబుద్ధవుతుంది. ఊరు లేకపోవచ్చు, మంద దారి ఉంటుంది. పలకల మీద నీడ పడకూడదు కాబట్టి వాటి కింద గడ్డి ఎదిగితే డబ్బిచ్చి కోయించాల్సిందే. గొర్రెలు ఆ పని ఉచితంగా చేస్తాయి. కొన్ని దేశాల్లో సౌర పార్కుల్లోకి మందల్ని అద్దెకు పిలుస్తున్నారు కూడా.

నేల మీద దిగాక రంగులకు అర్థాలు తెలిశాయి. ఎర్ర గరుసునేల మొదటి వానకే పచ్చబడుతుంది. నీటిని పట్టి ఉంచుకోలేదు కాబట్టి, పది రోజులు వాన ఆగితే వాడుతుంది, అందుకని గడ్డి తొందరపడి పూసి, గింజ పట్టి, పని ముగించుకుంటుంది. నల్లరేగడి బద్ధకంగా లేస్తుంది. ఆ నెర్రెలన్నీ నీళ్ళు తాగి పూడుకునేదాకా పైకి ఏమీ ఇవ్వదు. ఒకసారి తాగాక మాత్రం కార్తీకం దాటేదాకా తడి దాస్తుంది. కాపరి ఆషాఢంలో ఎర్రనేల మీద, భాద్రపదంలో రేగడి మీద మేపుతాడు. ఈ నేలల్లో శనగ వేసేవాళ్ళు వానాకాలమంతా రేగడిని దున్ని ఊరికే ఉంచి, అక్టోబరులో విత్తుతారు. ఆ ఖాళీలో మొలిచిన కలుపే మందకు మేత. ఎవరూ కాగితం మీద రాసుకోని ఒప్పందం ఇది, ఇప్పుడిప్పుడే సడలుతోంది. బోరు పడిన రైతు వానాకాలంలోనే పైరు వేస్తున్నాడు.

పెద్దాయన మళ్ళీ కనిపించాడు, ఈసారి రేగడి అంచున. గొర్రెలు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. నెల్లూరు జాతి జొడిపివి, తెల్లటి ఒంటి మీద కళ్ళ చుట్టూ నల్లమచ్చలు. దేశంలో అన్నిటికన్నా పొడుగు గొర్రె అదే. ఒంటి మీద ఉన్ని పెద్దగా ఉండదు, కాళ్ళు మాత్రం నడవడానికే పుట్టినట్టుంటాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఏడున్నర కోట్లకు కాస్త తక్కువ. అందులో తెలంగాణవి 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌వి 1.76 కోట్లు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం తెలుగు నేలల మీదే మేస్తున్నాయి. ఆ గడ్డి గురించి మనం రాసుకున్నది మాత్రం ఒక బీరువా నిండదు.

వాన పడగానే మీకు పండగే కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తొలి కసువు మంచిది కాదు సార్. ఎండిన కడుపుకు లేతది పడితే చిటుకు రోగం వస్తాది. రాత్రి బాగుండే గొర్రె పొద్దున లేవదు. మందలో బాగా తినేదే ముందు పోతాది. రోహిణిలోనే టీకా ఏయించుకోవాల."

చిటుకు రోగం గొర్రె పేగులో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవి వల్లే వస్తుంది. మేత ఒక్కసారిగా మారి, లేత గడ్డి ఎక్కువగా పడ్డప్పుడు అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. పశువైద్య శాఖ వానలకు ముందే టీకాలు వేసేది ఇందుకే. వానలు ముదిరాక దోమలాంటి చిన్న ఈగలు పెరిగి నీలినాలుక వ్యాధి తెస్తాయి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదనే సామెత సేద్యగాడిది. కాపరి ఆ వానకు సంతోషిస్తూనే మందను ఎర్రమిట్టల మీద కాసేపే తిప్పి, ఎండు మేత కలిపి పెడుతూ రెండు వారాలు భయంగా గడుపుతాడు.

హస్త నాటికి ఆ భయం పోతుంది, వేరే ఇబ్బంది వస్తుంది. మిట్ట మీద మోకాటెత్తు గడ్డి గాలికి ఊగుతోంది, చూడ్డానికి ఎంతో బాగుంది. నాలుగడుగులు వేసేసరికి నా ప్యాంటు నిండా ముళ్ళు. హెటెరోపోగాన్ అనే గడ్డి గింజకు కింద సూదిమొన, పైన పొడుగాటి మెలికల తోక ఉంటాయి. రాత్రి మంచుకు ఆ తోక తడిసి మెలి విప్పుకుంటుంది, పగలు ఎండకు మళ్ళీ మెలిపడుతుంది. అలా తిరిగి తిరిగి గింజ తనంతట తానే నేలలోకి దిగుతుంది. నేలకూ గొర్రె చర్మానికీ దానికి తేడా తెలియదు. ఉన్నికీ, చర్మానికీ, కొన్నిసార్లు కంటికీ గుచ్చుకుంటుంది. ముళ్ళు పట్టకముందు, అంటే ఆగస్టులో, ఇదే మంచి మేత. చూడ్డానికి గడ్డి ఎక్కువగా ఉండే నెలకూ, మేయడానికి బాగుండే నెలకూ మధ్య నెలన్నర దూరం ఉంది. గింజ రాలిపోయాక గడ్డి నిలువునా ఎండి పశువులకు పనికొస్తుంది గానీ, అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు పడిపోతాయి. గొర్రె కడుపు నిండుతుంది, బరువు పెరగదు. పక్కనే చీపురుగడ్డి ఉంది, దాన్ని ఏ కాలంలోనూ ఏదీ పెద్దగా తినదు. ఇంకాస్త లోపల నలిపితే నిమ్మవాసన వేసే గడ్డి ఉంది. దాన్ని జీవాలు ముట్టవు. నీరు నిలిచే పల్లంలో చెంగలి గడ్డి, ఒంగోలు గిత్తల దేశంలో పేరుమోసిన మేత. మంద అంతా ఆ పల్లంలోనే దిగింది. దూరం నుంచి ఇవన్నీ ఒకే పచ్చ.

రోళ్ళపాడుకు పేరు తెచ్చింది గడ్డి కాదు, బట్టమేక పక్షి. మీటరు ఎత్తు, మగపక్షి బరువు పదిహేను కిలోల దాకా, ఎగిరే పక్షుల్లో అతి బరువైనవాటిలో ఒకటి. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఇక్కడ మకాం వేసి ఏళ్ళ తరబడి దాన్ని గమనించారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి వానలతోపాటే జతకట్టి, ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అదీ బయట నేల మీద. మగది గొంతు సంచి వేలాడదీసి ఆడపక్షిని పిలవడానికి పొట్టిగడ్డి ఉన్న మిట్ట కావాలి. ఆడది పొదగడానికి దాపున్న గడ్డి కావాలి. పిల్లకు మిడతలు కావాలి. పెద్దవాటికి పక్కనున్న జొన్న, వేరుశనగ చేలూ కావాలి. అంటే దానికి కావలసింది మందలు కొంత మేసి, కొంత వదిలేసిన నేల. ఆపై వానకు మాత్రమే పండే చేలు.

కంచె దాటి మంద రాకుండా చూస్తే గడ్డి ఎత్తుగా పెరిగింది. కృష్ణజింకలు పదుల నుంచి వందలకు పెరిగాయి. అవి రాత్రిళ్ళు చేలలో పడుతుంటే రైతులకు అభయారణ్యం అంటేనే కోపం పెరిగింది. అలగనూరు జలాశయం వచ్చాక చుట్టూ చేలల్లోకి నీళ్ళొచ్చి, వానకు పండే జొన్న స్థానంలో వేరే పైర్లు దిగాయి. నీళ్ళు వద్దని ఏ రైతు అంటాడు? పిట్ట మాత్రం క్రమంగా కనుమరుగైంది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగే బట్టమేక పక్షులు నూట యాభైకి మించవని అంచనా. ఆ ఉన్నవాటిలో చాలావరకు రాజస్థాన్ ఎడారి వైపు. నేను వెళ్ళినప్పుడు అక్కడ దాని బొమ్మ ఉన్న బోర్డు ఉంది.

కడప జిల్లా లంకమలలో, అంతరించిందనుకున్నాక 1986 జనవరిలో మళ్ళీ దొరికిన కలివికోడి అనే పక్షిది కూడా ఇలాంటి కథే. దానికి చిట్టడవి మరీ చిక్కగా ఉండకూడదు, మరీ పలచన కాకూడదు. మేకలూ కట్టెలు కొట్టేవాళ్ళూ కొంతవరకు ఉంటేనే ఆ ఎడం నిలుస్తుంది, మితిమీరితే పోతుంది. మేతను పూర్తిగా ఆపెయ్యడం, పూర్తిగా వదిలెయ్యడం రెండూ ఉత్తర్వు రాయడానికి తేలికైనవి. ఏ బీడులో ఏ కార్తె నుంచి ఏ కార్తె దాకా ఎన్ని జీవాలు అని నిర్ణయించడం కష్టం. రోళ్ళపాడుకు కావలసింది ఆ కష్టమైనదే అని నాకు అనిపించింది. బహువార్షిక గడ్డి మొలిచి, దుబ్బు కట్టే ఆరువారాలు మేపకుండా వదిలేసి, ముళ్ళు పట్టకముందు మేపి, మళ్ళీ గింజ రాలాక మందను దించితే పక్షికీ మందకూ పెద్ద తగువు ఉండదు. కాకపోతే ఆ ఆరువారాలూ మందలు ఎక్కడికి పోవాలో కూడా ఎవరైనా చెప్పాలి. నల్లమల తలుపు ఎలాగూ మూసుకుంది.

సాయంత్రం గడ్డి మీద తక్కువ ఎత్తులో పిల్లిగద్దలు రెండు తూగుతూ వెళ్ళాయి. కజకస్తాన్ మైదానాల వైపు నుంచి ఈ కాలానికే వస్తాయి, మన గడ్డిలో మిడతలు బలిసే వేళకు. సెరెంగెటిలో పదమూడు లక్షల అడవి పశువులు వాన వెంట తిరుగుతాయని సినిమాలు తీస్తారు. పచ్చదనాన్ని వెంటాడుతూ ఖండాలు దాటే ఈ గద్దలదీ అదే పని, పెద్దాయన మందదీ అదే పని, కాకపోతే ఈయన దారిలో పైరున్న చేలూ, కాలువలూ, కంచెలూ, హైవే అడ్డం.

దీపావళి తర్వాత ఎటు అని అడిగాను. ఆయన కర్రతో నేల మీద గీత గీస్తూ చెప్పుకొచ్చాడు. "చిత్తలో రేగడిలో శనగ ఏస్తారు, ఆలోగా ఈడినుంచి లేవాల. మిట్టల మీద ముల్లు రాలిపోయుంటాది, ఒక నెల ఆడ. సంక్రాంతి దాటినాక కె.సి. కాలవ కింద వరికొయ్య. ఆడ రైతులు మందకట్టుకు పిలుస్తారు, రాత్రికి ఇంత అని ఇస్తారు, ఎరువు వాళ్ళకు, అన్నం మాకు. శివరాత్రికి శనగ పీకినాక ఆ పొట్టు. ఆపైన అడవంచు, ఫారెస్టోళ్ళు ఎంతవరకు పోనిస్తే అంతవరకు. రోహిణికి మళ్ళీ ఈ తుమ్మకాయకే."

చిత్తలో వాన పడకపోతే, అన్నాను.

"అప్పుడు సగం అమ్మేస్తాం," అని లేచి, చెంగలి పల్లంలోంచి పక్క చేనువైపు జరుగుతున్న నాలుగు గొర్రెల్ని అదిలించడానికి వెళ్ళాడు. ఆ చేనులో మిరప వేసి ఉంది.